టెలివిజన్ సభలలో విద్వాంసుల స్మరణ

2025వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున గ్రామీ బహుమతుల సభ జరిగినది. గ్రామఫోను యంత్రము పేరిట వెలసి, 1959 నుండి ఈయబడుచున్న ఈ బహుమతులు సంగీత ప్రపంచమున మిక్కిలి ఘనమైనవిగా ఎంచబడుచున్నవి. ఆ సభలో ఏటేట నడచు ఘట్టమొకటి కలదు. గడచిన యేడాదిలో దివంగతులైన సంగీత విద్వాంసుల ముఖచిత్రములును పేర్లును ఒకదాని వెంట నొకటి తెరపై వచ్చి పోవుచుండగా, వేదికపై ఎవరో యొకరు పాట పాడుచుందురు. ఆనాడు పాడినవాడు క్రిస్ మార్టిన్ అను ఆంగ్లేయ గాయకుడు. అంతకు ఏడు వారములు ముందుగా, 2024 డిసెంబరు 15న, కన్నుమూసిన తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ ముఖము ఆ తెరపై కనబడలేదు.

ఆ వార్త వత్రాప్‌లోని మా యింటికి మరునాడే చేరినది. మా మేనల్లుడు చేతి ఫోను చూపి, "మామా, ముందటేడు మూడు బహుమతులిచ్చినోళ్ళే ఈ ఏడు పేరు మరిచిపోయినారంట!" అనెను. నిజమే. 2024 ఫిబ్రవరి 4న ఆ సంస్థవారే ఆ విద్వాంసునకు ఒక్కనాడు మూడు బహుమతులిచ్చిరి. సంవత్సరము నిండకముందే విస్మరించిరి. మన దేశపు పత్రికలు దీనిని అవమానముగా నెంచి కోపించినవి. ఆ కోపము న్యాయమైనదే. కాని నాకొక సందేహము కలిగినది. ఆ ముఖచిత్రము తెరపై రెండు క్షణములు నిలిచియుండినచో, బాల్యమునుండి వ్రేళ్ళతో కాలమును కొలిచిన వానికి తగిన నివాళి జరిగినట్లేనా? మనము కోరినది మరీ తక్కువ కాదా?

జాజ్ అనగా నేమో మన యిండ్లలోని పెద్దలకు తెలియకపోవచ్చును గనుక రెండు మాటలు చెప్పెదను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున, నల్లజాతివారి నడుమ ఈ సంగీతము రూపుదాల్చినది. ఒక పాట మట్టును ముందుగా వాయింతురు. పిదప ఒక్కొక్క విద్వాంసుడు ఆ మట్టును ఆధారము చేసికొని, అప్పటికప్పుడు తన బుద్ధికి తోచినట్లు పెంచుకొని పోవును. తక్కినవారు వాని వెంట నడతురు. మన కచేరీలో ఆలాపన, నెరవు, కల్పనస్వరము ఎట్టివో, ఇదియు నట్టిదే. మనము మనోధర్మ మందుము. వారికి వేరొక పేరు. నిన్న వాయించినది నేడు వాయింపరు. అట్లు వాయించినవానిని తోటివారు మెచ్చరు.

జాకిర్ హుస్సేన్ హిందుస్థానీ తబలావాడు గదా, జాజ్ విద్వాంసుడెట్లగును? అని యడుగువారుందురు. గిటారు విద్వాంసుడైన జాన్ మెక్‌లాలిన్‌తో కూడి 1970 దశకమున శక్తి యను బృందమును నడిపినవారిలో ఆయన యొకడు. చార్లెస్ లాయిడ్ అను శాక్సఫోన్ విద్వాంసునితో వాయించినవాడు. ఆ శక్తి బృందము తిరిగి లేచినప్పుడు, మన పాలకొల్లులో 1969లో పుట్టి మదరాసున స్థిరపడిన మాండొలిన్ శ్రీనివాస్ అందు చేరెను. 1983లో, పదునాలుగేండ్ల బాలుడుగా, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించి వచ్చినవాడు శ్రీనివాస్. మాండొలిన్ మనది కాదు, జాజ్ మనది కాదు. అయినను ఆ బాలుని చేత త్యాగరాజు అచటికి పోయెను. మనవంటి ప్రవాసాంధ్ర కుటుంబములకు జాజ్‌తో చుట్టరికము కలిపినవాడు ఆయనయే. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదేండ్లకే, ఆయన పోయెను.

ఇక టెలివిజన్ సంగతి. దానికి కాలమే ధనము. ఒక్కొక్క నిమిషమునకు వెలకట్టి అమ్ముకొనువారు ఒక విద్వాంసుని మనోధర్మము ఎప్పుడు ముగియునో తెలియక కూర్చుండలేరు. కావుననే గ్రామీ సభలో జాజ్ బహుమతులు రాత్రి జరుగు పెద్దసభలో సాధారణముగా ఇయ్యరు. మధ్యాహ్నము వేరొక సభ జరుగును. బహుమతులలో అధికభాగము అందే పంచబడును. 2024లో శక్తి బృందమునకు వచ్చిన బహుమతియు అట్టి మధ్యాహ్నపు బహుమతియే. మన పెండ్లిండ్లలో పెద్దమనుష్యులు వచ్చులోపల తొందరగా ముగించు పంక్తివంటి దది. 2008లో హెర్బీ హాంకాక్ అను పియానో విద్వాంసుని రికార్డు ఆ యేటి మేటి రికార్డుగా పెద్దసభలోనే గెలుపొందెను; అంతకుముందు ఒక జాజ్ రికార్డు అట్లు గెలుపొందినది 1965లో. నలుబదిమూడేండ్ల కొకమారు పెద్దవాకిట నిలిపి, తక్కినప్పుడు పెరటిదారిన పంపు చుట్టమును మనము ఏమందుము?

అయినను 2025 నాటి సభలోనే ఒక మంచి నివాళియు జరిగినదని ఒప్పుకొనవలెను. 2024 నవంబరు 3న తొంబదియొకటవ యేట మరణించిన క్విన్సీ జోన్స్ స్మరణకు నిర్వాహకులు చాల సమయము కేటాయించిరి. ఆయన యౌవనమున లయొనెల్ హాంప్టన్ జాజ్ బృందములో ట్రంపెట్ ఊదినవాడు. కౌంట్ బేసీ బృందమునకు స్వరకూర్పులు వ్రాసినవాడు. పిదప మైకేల్ జాక్సన్ రికార్డుల నిర్మాతగా లోకమునకెల్ల తెలిసినవాడు. ఆ నివాళిలో హాంకాక్ పియానో వాయింపగా సింథియా ఎరీవో పాడినది. స్టీవీ వండర్ హార్మోనికా ఊదగా హాంకాక్ తోడు వాయించెను. ఎనుబది దాటిన యొక వృద్ధుడును, చూపులేని మరియొక వృద్ధుడును ఒకరినొకరు చెవులతో కనిపెట్టుకొనుచు వాయించిన ఆ కొద్ది నిమిషములు చాలు, నేను ఆ సభను పూర్తిగా నిందింపజాలను. కాని అంతలో వేగము పెరిగినది. తక్కిన పాటలు వచ్చినవి, సభవారందరు కలిసి పాడు పాట వచ్చినది, నాట్యము వచ్చినది. క్విన్సీ జోన్స్ ఎంత ప్రసిద్ధుడో వేరుగా చెప్పనక్కరలేకుండ తెలిసినది. బేసీ బృందమునకు ఆయన వ్రాసిన స్వరకూర్పులో ట్రంపెట్‌లు ఎట్లు పలికెడివో, ఆయన విద్య యేమో, తెలియలేదు. ప్రసిద్ధి వేరు, విద్య వేరు. టెలివిజన్ మొదటిదానిని చూపగలదు గనుక దానినే చూపును.

వాషింగ్టన్‌లో 1978 నుండి జరుగుచున్న కెన్నెడీ సెంటర్ సత్కారము మరియొక తీరుది. బ్రతికియున్న కళాకారులనే సత్కరింతురు. వారి మెడలో పతకము వేసి, మేడమీది వరుసలో కూర్చుండబెట్టుదురు. వారు మాటాడరు, వాయింపరు. క్రింద వేదికపై ఇతరులు వారికొఱకు వాయింతురు. మొదట నాకిది వింతగా తోచినది. విద్వాంసుని పిలిచి చేతులు కట్టి కూర్చుండబెట్టుట సత్కారమా? మన మదరాసు సంగీత విద్వత్సభలో సంగీత కళానిధి పొందువాడు అధ్యక్షుడై ఉదయపు సదస్సులు నడపును, కచేరి చేయును. కాని 2009 డిసెంబరు 6న జరిగిన సత్కారము చూచిన పిదప నా అభిప్రాయము కొంత మారినది. ఆనాడు జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్‌కు ఎనుబదితొమ్మిదవ పుట్టినదినము. వేదికపై వాయించువారి నడుమ హఠాత్తుగా ఆయన కుమారులు నలుగురును వాయించుచు కనబడిరి. మేడమీద ఆ వృద్ధుని ముఖము వెలిగిపోయినది. తాను నేర్పిన విద్య తనకే తిరిగి వినబడుచున్నది. కెమెరాకు ముఖము కావలెను, సరే; ఆనాడు ఆ ముఖము సంగీతమును వినుచున్న ముఖము.

అసలు జాజ్‌వారికి తమ నివాళి తమకు కలదు. న్యూ ఆర్లియన్స్‌లో విద్వాంసుడు గతించినప్పుడు బృందము శవయాత్ర ముందు విలంబముగా, దుఃఖముతో వాయించుచు నడచును. శ్మశానమున కార్యము ముగిసి తిరిగి వచ్చునప్పుడు అదే బృందము వడిగా, ఉల్లాసముగా వాయించును. ఊరివారు వెంట ఆడుచు వత్తురు. దానికి వేదిక లేదు, వ్యాఖ్యాత లేడు. గతించినవాని వాద్యమును మరియొకడు పట్టుకొని నడచుటయే స్మరణ.

మన దేశపు సభలను గూర్చియు చెప్పవలెను గదా. రాష్ట్రపతి భవనమున జరుగు పద్మ పురస్కార సభను దూరదర్శన్‌లో మనమందరము చూతుము. ప్రకాశము జిల్లా కరవది గ్రామమున పుట్టి శ్రీరంగమున స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1977లో పద్మశ్రీ పొందెను. 2020 సంవత్సరపు పద్మశ్రీ నాదస్వర దంపతులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ గార్లకు లభించినది. మన భాషవారు, మనవలెనే తమిళదేశమున ఇల్లు కట్టుకొన్నవారు. మనకు గర్వముగా నుండును. ఆ సభ గంభీరముగా నుండును, ఎవరి పేరును తప్పిపోదు, ఎవరికిని ఎక్కువ తక్కువలు లేవు. అందుకు మెచ్చవలసినదే. కాని పేరు పిలుతురు, నడచి వత్తురు, పతకము ధరింతురు, ఛాయాచిత్రము తీయుదురు, మరలి పోదురు. నాదస్వరము ఎట్లు మ్రోగునో ఎన్నడును వినని ఉత్తరాదివాడు ఆ సభ అంతయు చూచి, ఆ దంపతులు ఏమి చేయుదురో వినకయే లేచిపోవును.

టెలివిజన్ యంత్రమునకే ఈ దోషము పుట్టుకతో వచ్చినదని నేననను. తిరువయ్యారు ఆరాధనలో పంచరత్న కీర్తనలను ఏటేట ప్రసారము చేయుచున్నారు. వందలమంది విద్వాంసులు నేలమీద కూర్చుండి ఐదు కీర్తనలను ఆద్యంతము పాడుదురు; కెమెరా అట్లే చూచుచుండును. ఎవరును తొందరపెట్టరు. ఆ గంటసేపును మా వీథిలో తెలుగు రానివారి యిండ్లనుండి గూడ తెలుగు వినబడును. యంత్రము అదియే, ఓపిక వేరు.

మరి కాలము కొంచెమైనంతనే నివాళి చెడునా? అదియు కాదు. దీనికి దృష్టాంతము మన కోవిల్పట్టియందే కలదు. రాజరత్నం పిళ్ళె శిష్యుడు కారుకురిచ్చి అరుణాచలం కోవిల్పట్టిలో నివసించి, 1964లో నలుబదిమూడేండ్ల వయసున పోయెను. మదరాసుకు టెలివిజన్ వచ్చినది 1975లో. ఆయనకు ఏ టెలివిజన్ సభయు నివాళి యియ్యలేదు. అయినను 1962 నాటి కొంజుం శలంగై చిత్రములో, సుబ్బయ్య నాయుడు కూర్చిన మట్టుకు, ఎస్. జానకి గొంతుతో జతగూడి ఆయన ఊదిన పాట నేటికిని ఊరూర వినబడుచున్నది. ఆ చిత్రమును మురిపించే మువ్వలు అను పేర తెలుగువారును చూచిరి. ఆయన గుడిముందర రాత్రి తెల్లవార్లు వాయించిన రాగములలో అది వందవ వంతైనను కాదు. కొలది నిమిషములే, కాని అందున్నది ఆయన ఊపిరి. ముఖచిత్రమున కది లేదు.

కోవిల్పట్టికి సమీపమునే ఎట్టయపురము కలదు. 1904లో సుబ్బరామ దీక్షితులు అచట సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథమును అచ్చు వేయించెను, అదియు తెలుగున. అందు వాగ్గేయకార చరిత్రమను భాగము కలదు. గతించిన విద్వాంసులలో ఎవడు ఎవని శిష్యుడు, ఏ ఆస్థానమున నుండెను, ఏమి రచించెను అని వరుసగా చెప్పుచు పోవును. కొందరికి నాలుగు పంక్తులే దక్కినవి. ఆ నాలుగు పంక్తులు చదివినను వాడు సంగీతమునకు ఏమి చేసెనో తెలియును. ఎంత ప్రసిద్ధుడో తెలియకపోయినను బాధ లేదు. చరిత్రము వెంట కీర్తనలు గమకచిహ్నములతో సహా కలవు. వాని జీవితము చదివి, పుట త్రిప్పి, వాని పాట పాడుకొనవచ్చును. లాస్ ఏంజిలిస్ సభవారికి కోట్లు కలవు. ఎట్టయపురపు వృద్ధునకు ఒక ముద్రణాలయమును ఒక సంస్థానపు ఆదరణయు మాత్రమే కలవు. ఎవరి నివాళి గొప్పదో నా మట్టుకు నాకు సందేహము లేదు. ఆ గ్రంథమును మన ప్రాంతపు తెలుగు కుటుంబములలో నేడు అక్షరము కూడబలికి చదువగలవారు ఎందరున్నారో లెక్కించుటకు మాత్రము నాకు ధైర్యము చాలదు.

అమెరికా సభను ఇంతగా విమర్శించిన పిదప మన సభలను విడిచిపెట్టుట ధర్మము కాదు. ఆంధ్రదేశమువారికి మనము దూరపు చుట్టములము, ఇచటివారికి పొరుగువారము. మన విద్వాంసులను మనము తలచుకొననిచో తలచువారు లేరు. తలచుకొనుచునే యున్నాము, కాని టెలివిజన్‌ను చూచి నేర్చుకొన్న తీరున. శాలువ, జ్ఞాపిక, ఛాయాచిత్రము, రెండు నిమిషముల ప్రశంస. ప్రశంసలో విద్వాంసుని పేరుకంటె శాలువ కప్పువాని పేరు ముందు వచ్చును.

మన ప్రాంతమున జరిగిన యొక సభలో నేను చూచినది చెప్పెదను. ఒక వృద్ధ నాదస్వర విద్వాంసునకు సత్కారము. సభారంభమునకు ముందు ఆయననే వాకిట కూర్చుండబెట్టి మంగళవాద్యము వాయింపుమనిరి. ఆయన తోడి రాగము ఎత్తుకొనెను. గాంధారముపై నిలిచి, అచటనుండి కదలుటకు మనసొప్పక, తిరిగి తిరిగి అచటికే వచ్చుచుండెను. తవిలు వాయించువాడు చేతులు ఒడిలో పెట్టుకొని కన్నులు మూసికొనెను. అంతలో ముఖ్య అతిథి కారు వచ్చినది. ఒక కార్యకర్త పరుగున వచ్చి చేయి యూపెను. వాద్యము నిలిచినది. పిదప గంటన్నర ఉపన్యాసములు జరిగినవి, ఆయనకు శాలువ కప్పిరి, నాదబ్రహ్మ అనిరి, ఒక కుర్రవాడు అదంతయు ఫోనులో పట్టెను. మరల వాయింపుమని ఒక్కరును అడుగలేదు. అడుగనివారిలో నేనును ఉంటిని.

రాత్రి భోజనముల వేళ పెరటివైపు పోయితిని. వంటశాల ప్రక్కన, పాత్రలు తోము చోట, ఆయన ఒక బెంచీపై కూర్చుండి యుండెను. శాలువ మడిచి ప్రక్కన పెట్టుకొని, సీవాళిని పెదవులతో తడిపి సరిచేసికొని, అదే తోడిని నిలిపివేసిన చోటనుండి ఎత్తుకొనెను. వంటవారు ఇద్దరు, పాత్రలు తోము ముసలమ్మ, ఆడుకొనుచు వచ్చిన పిల్లలు నలుగురు, నేను. ముసలమ్మ కుళాయి కట్టివేసినది.