ఆంధ్రుల పక్కన ఇంకో నాలుగు పేర్లు

ఆంధ్రుల పేరు మొదట ఎక్కడ కనబడిందని అడిగితే మనోళ్ళు టక్కున ఐతరేయ బ్రాహ్మణం అంటారు. సంఘాల సావనీర్లలోనూ, ఉగాది ఉపన్యాసాల్లోనూ ఇదే మాట. మాట నిజమే. నా పేచీ అక్కడితో ఆపేయడం మీద.

ఇంతకీ ఆ కథ ఏటి? విశ్వామిత్రుడు శునశ్శేపుణ్ణి పెద్దకొడుకుగా చేసుకుంటే, సొంత కొడుకులు నూటొక్కమందిలో పెద్దవాళ్ళు ఏభైమంది ఒప్పుకోలేదు. మీ సంతానం పొలిమేరల పాలవుతుందని శపించాడు. ఆ సంతానమే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు. వీళ్ళు దస్యులని కూడా అంటుంది గ్రంథం. ఇది మనకిచ్చిన బిరుదు కాదండీ. యజ్ఞాలు చేసుకుంటూ స్థిరపడినవాళ్ళు హద్దు అవతలి జనాన్నంతా కట్టిపడేసిన ఒకే మూట. అందులో మనమూ శబరులూ పక్కపక్కనే ఉన్నాం.

తర్వాత క్రీ.పూ. 3వ శతాబ్దం. అశోకుడి 13వ శిలాశాసనం, మన ఎర్రగుడి బండమీద కూడా ఉన్నదే, ఆంధ్రుల్ని ధర్మం పాటించేవాళ్ళలో లెక్కేసింది. అడవిలో ఉన్నవాళ్ళకి మాత్రం బుజ్జగింపుతోపాటు బెదిరింపు: పశ్చాత్తాపపడుతున్నా రాజుకి బలం తగ్గలేదు, చావు కొనితెచ్చుకోకండి అని. కళింగ యుద్ధం గురించి చెప్పేటప్పుడు కన్నీళ్ళ భాగం చదువుతాం, ఈ భాగం దాటేస్తాం. అక్కడ వాడిన ‘అటవి’ మాటే ప్రాకృతం మీదుగా మన నోట ‘అడివి’ అయింది.

అంటే మనం మూటలోంచి బయటికొచ్చాం, పక్కవాళ్ళు అందులోనే ఉండిపోయారు. పాత గ్రంథాల్లో శబర అన్నది అడవి జనానికంతటికీ వాడిన సందర్భాలున్నాయి. అయినా మన గంజాం, పర్లాకిమిడి వైపు సవరల పేరు దానితో కలుస్తుందని పండితులు చెప్పేదే. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం అచ్చేయించారు. వ్యావహారిక తెలుగు కోసం పోట్లాడిన మనిషిగా ఆయనకి దండలేస్తాం, సవరల దగ్గర కూర్చుని నేర్చుకున్న మనిషిగా తలుచుకోం.

ఇప్పటికీ మన ఇళ్ళలో ‘అడివి మనిషి’ అంటే తిట్టే. మన యాస చూసి బయటివాళ్ళు నవ్వితే మాత్రం మనకి కోపమొస్తుంది. వచ్చే సావనీరులో ఐతరేయం మాట వేస్తే, అయిదు పేర్లూ వేయండి.