సగం పాదం ముందే ఉంది

మణుగూరులో కొత్తగా రాసేవాళ్ళకు కొదవలేదు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో షిఫ్టు దిగి, స్నానం చేసి, నోటుబుక్కు ముందేసుకునేవాళ్ళు కొందరు. డిగ్రీ చదువుతూ కథల పోటీ ప్రకటన కత్తిరించి దాచుకునేవాళ్ళు మరికొందరు. పలకరిస్తే అందరిదీ ఒకటే మాట: "రాద్దామని కూర్చుంటే ఏమీ తోచడం లేదు." దానికి వెతుక్కునే మందులూ ఒకే రకం. ఇంకో టీ, గోదావరి ఒడ్డున ఇంకో సాయంత్రం, ఎప్పుడో వస్తుందనుకునే స్ఫూర్తి కోసం ఎదురుచూపు. తెలుగు పద్యం ఈ ఎదురుచూపును పెద్దగా లెక్కచేసింది లేదు. తోచనివాడి చేత కూడా రాయించే పనిముట్లు దాని దగ్గర వందల ఏళ్ళుగా ఉన్నాయి. మొదటిదాన్ని చూడాలంటే భద్రాచలం దాకా వెళితే చాలు.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కథ అందరికీ తెలిసిందే. జనం నోళ్ళలో ఆయన కీర్తనలే ఎక్కువ నానుతాయి గానీ, కలం కదలనివాడు తెరవాల్సింది ఆయన రాసిన దాశరథీ శతకం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. శతకంలో పద్యం చివర రాముణ్ణి దయాసముద్రుడా అని పిలిచే మకుటానికి 11 అక్షరాలు. అంటే పద్యం మొదలుకాకముందే నాలుగో పాదంలో సగానికి పైగా సిద్ధంగా ఉంది! అంతటితో అయిపోలేదు. ఆ మకుటం 'దా' అనే అక్షరంతో, సరిగ్గా యతిస్థానంలో మొదలవుతుంది. కాబట్టి నాలుగో పాదం మొదటి అక్షరం కూడా దానికి మైత్రి కుదిరేదే కావాలి. రెండో అక్షరాన్ని ప్రాస పేరుతో మొదటి పాదమే నిర్ణయించేస్తుంది. ఇక గోపన్న ఆ పాదంలో వెతుక్కోవాల్సింది తొమ్మిదో పదో అక్షరాలు. వాటిలోనూ రెండింటికి దారి ముందే పడి ఉంది.

ఇదే గోదావరికి ఎగువన ధర్మపురి శేషప్ప నరసింహ శతకంలో ఇంకా ధైర్యం చేశాడు. సీసం కింద వచ్చే గీతంలో రెండు పాదాలు మకుటానికే ఇచ్చేశాడు. నాలుగు సీసపాదాల్లో గుండెలో ఉన్నదంతా కుమ్మరించాక, ఎలా ముగించాలన్న బెంగే లేదాయనకు.

మకుటం కవి తనకు తాను పెట్టుకున్న కట్టు. సమస్య ఎదుటివాడు వేసే కట్టు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న సమస్యను తెనాలి రామకృష్ణుడు పాండవుల అజ్ఞాతవాసానికి తిప్పి, ఏనుగులంతటి ఆ అన్నదమ్ములు విరటుడి కొలువులో చేరడాన్ని చెప్పాడని పెద్దల మాట. కథ నిజమో కాదో అలా ఉంచితే, కిటుకు మాత్రం నిజం. అర్థంలేని పాదం చేతికిస్తే మనసు ఊరుకోదు, అర్థం వెతుకుతుంది.

మణుగూరు కుర్రాడికి ఒక సమస్య ఇద్దాం: బొగ్గు తెల్లనాయె పుడమిమీద. ఇది ఆటవెలదిలో సరి పాదం, ఐదూ సూర్యగణాలే. బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. నాలుగో గణం మొదట యతి. బొగ్గు తెల్లబడేది ఎప్పుడు? ఆ ప్రశ్న వేసుకున్నవాడు ఇలా పూరించవచ్చు:

నేల లోన నల్ల నిద్రలో నున్నది
తీగ లెక్కి యింట దివ్వె యయ్యె
దాని కాంతి సోకి తల్లి నవ్వినయంత
బొగ్గు తెల్లనాయె పుడమిమీద

పద్యం గొప్పదేం కాదు. అది పుట్టిన తీరు చూడండి. బొగ్గును కరెంటు చేద్దామనుకున్నవాడికి ముందు 'తీగ' తట్టింది. తీగ అన్నాక యతి కోసం ది, తి, తె లాంటి అక్షరాల్లోనే వెతకాలి. దివ్వె దొరికింది. మూడో పాదం 'దాని' అని మొదలయ్యేసరికి మళ్ళీ త, ద అక్షరాల వేట, అందులో తల్లి ఎదురైంది. కరెంటు గురించి రాయబోయినవాడి ఆలోచనలో తల్లి లేదు. ఆమెను యతి పిలుచుకొచ్చింది. ఛందస్సు సంకెల అని తీసిపారేసేవాళ్ళు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి. ఇంకొకడు ఇదే పాదాన్ని 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం బూడిదతో పూరిస్తే, అప్పుడది చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకున్న దుమ్ము గురించిన ఫిర్యాదవుతుంది.

అవధానంలో సమస్య ఒక్కటే కాదు, ఇలాంటి కట్లు ఇంకా ఉన్నాయి. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి, వాటితో భారతమో రామాయణమో చెప్పమంటారు. 'వడ', 'పూరి' ఇచ్చి కురుక్షేత్రం అడిగితే సభ నవ్వుతుంది. అవధాని వడను 'వడకించె'లో దాచి, పూరిని శంఖం 'పూరించె'లో కలిపేసి, రథం ముందుకు నడుపుతాడు. నిషిద్ధాక్షరి మరీ కఠినం. అక్షరం పలకగానే తరవాత వచ్చే అక్షరాన్ని ఎదురుగా కూర్చుని పరీక్షించే పృచ్ఛకుడు పసిగట్టి నిషేధిస్తాడు. నలుగురూ వాడే మాట తలుపు దగ్గరే ఆగిపోతుంది, కవి కొత్త మాట వెతక్క తప్పదు. అరిగిపోయిన మాటల్లో చిక్కుకున్న కథారచయితకు ఇంతకంటే మంచి వైద్యం లేదు.

అష్టావధానంలో మరో రహస్యం ఉంది. సమస్య, దత్తపది లాంటి పద్యాలను అవధాని ఒక్క ఊపులో పూర్తి చేయడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పి పక్క పృచ్ఛకుడి దగ్గరికి వెళ్ళిపోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అల్లరి ఉండనే ఉంటుంది. ఒకచోట ఆగిన మనసుకు ఇంకోచోట పని దొరుకుతుంది. నాలుగు ఆవృత్తులు తిరిగేసరికి అన్నీ నిండి, చివర జ్ఞాపకం నుంచి అప్పజెప్పే ధారణలో వరసగా బయటికొస్తాయి. ఒకే కథ మొదటి వాక్యం దగ్గర నెలల తరబడి కూర్చునేవాళ్ళు అవధానిని చూసి నేర్చుకోవాల్సింది ఇదే.

ఈ విద్యను వీధివీధికీ తీసుకెళ్ళినవాళ్ళు తిరుపతి వేంకట కవులు, దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి. మీసాలెందుకు పెంచారంటే పద్యంలోనే సవాలు విసిరిన జంట అది. కొప్పరపు సోదరులు గంటకు వందల పద్యాలు చెప్పారని గుంటూరు సీమ ఇప్పటికీ రొమ్ము విరుచుకుంటుంది. ఆ వేగానికి దండం పెట్టాల్సిందే. కానీ తూకం వేయమంటే ముల్లు చెళ్ళపిళ్ళ వైపే మొగ్గుతుంది, ఎవరేమనుకున్నా సరే. వేగం వాళ్ళతోనే పోయింది, ఆయన బందరులో శిష్యుల్ని తయారు చేశాడు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ బడి వాళ్ళే. విశ్వనాథ వేయిపడగలు నవలను తమ్ముడికి చెప్పి రాయిస్తూ 29 రోజుల్లో ముగించాడంటారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని ఆ నవల, అడివి బాపిరాజు నారాయణరావుతో కలిసి పంచుకుంది. కలం ఆగినప్పుడు నోటితో చెప్పి చూడొచ్చన్న సంగతి మన కొత్త రచయితలకు ఎందుకు తట్టదో!

పద్యం ఒక్కటే ఈ విద్యకు వారసురాలు కాదు. ఉర్దూ తరహీ ముషాయిరాలో ముందుగా ఒక మిస్రా, అంటే ఒక పాదం, ఇస్తారు, షాయర్లంతా దాని మీదే గజల్ కట్టుకొస్తారు. ఖమ్మంలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్య గాలిబును తెలుగులోకి తెచ్చాడు, తెలుగులో గజల్ రాశాడు. 1948లో నిజామాబాదు జైల్లో కాగితం లేకపోతే బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. తెల్లకాగితం చూసి బెదిరేవాళ్ళు కాగితమే లేని ఆ కవిని ఒకసారి తలచుకోవాలి.

అసలు మణుగూరు మండలంలోనే ఒక మహానుభావుడు ఉండేవాడు, కూనవరం సకిని రామచంద్రయ్య. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. డోలు మోగిస్తూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. ఆయనలాంటి డోలీ కోయలకు గుడ్డ మీది బొమ్మలు చూస్తూ వంశకథలు చెప్పే అలవాటుంది. బొమ్మ వెనక బొమ్మ వస్తుంటే మాట వెనక మాట వస్తుంది. పద్యానికి మకుటం చేసే పనే ఇక్కడ బొమ్మ చేస్తుంది. ఆయన బతికుండగా ఎదురుగా కూర్చుని, పాట మధ్య ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, తరవాతి మాట ఎలా అందుకుంటాడో గమనించిన రచయితలు ఈ చుట్టుపక్కల ఎందరు?

ఇంత సంపద పెట్టుకుని చేస్తున్నదేమిటి? బడిలో శతక పద్యాన్ని పూరించమంటే కంఠతా పట్టింది దించేయమని అర్థం. పిల్లవాడు సొంతంగా ఒక పాదం అల్లితే మార్కులు పోతాయి. వ్యాసం రాయాలంటే గైడు. కొన్ని అవధాన వేదికల మీద సమస్య వారం ముందే చీటీలో అవధాని ఇంటికి చేరుతుంది. పృచ్ఛకుడు తడుముకుంటూ చదవడం, అవధాని కళ్ళు మూసుకుని ఆలోచించినట్టు నటించడం, ఆపైన శాలువా! ఇది విద్యకు చేసే ద్రోహం. ఇప్పుడు ఫోన్లో విషయం చెబితే క్షణంలో యతి లేని, గణం కుదరని 'పద్యం' ఊడిపడుతుంది, దాన్నే సొంతపేరుతో పంపేవాళ్ళూ తయారయ్యారు. తోచకపోవడం తప్పు కాదు. తోచకుండానే తోచినట్టు చలామణీ కావడం తప్పు.

ఒకప్పుడు ఆకాశవాణి సమస్యాపూరణం వేస్తే ఊళ్ళ నుంచి పోస్టుకార్డులు వెళ్ళేవి. గుమాస్తాలు, టీచర్లు, రైతులు రేడియోలో తమ పేరు వినబడుతుందని చెవులు రిక్కించేవారు. కొత్తగూడెం ఆకాశవాణి వారానికొక్క సమస్య ఇవ్వాలి, గని మాటలతోనో అడవి మాటలతోనో. భద్రాచలం వాగ్గేయకారోత్సవాల్లో ఒక పూట కొత్తవాళ్ళకు వదిలిపెట్టి, అక్కడికక్కడ మకుటమిచ్చి రాయించాలి. సింగరేణి కాలనీల్లో ఆదివారం నలుగురు చేరి దత్తపది ఆడుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఛందస్సు రానివాళ్ళు వచనంలో పూరించినా నష్టం లేదు. బాగున్నదాన్ని రాసినవాళ్ళ పేరు, ఊరు చెప్పి పైకి చదివితే చాలు. అధ్యక్షులు, ఆహ్వానపత్రికలు, ఫ్లెక్సీలు మాత్రం వద్దు.