ఆప్ట్రా వెనక సీటు, ఫియెస్టా స్టీరింగు

మా పెదనాయన ఇంటి ముందు షెవర్లే ఆప్ట్రా మాగ్నమ్ ఉంటుంది. రెండు వీధుల అవతల మా బావ ఇంటి ముందు ఫోర్డ్ ఫియెస్టా ఉంటుంది. రెండూ 2008 బండ్లు, రెండూ డీజిల్, రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. రెంటి నంబరూ దిండిగల్ టీఎన్ 57తోనే మొదలవుతుంది. పళని మొక్కులకీ, మదురై ఆసుపత్రులకీ, కోయంబత్తూరు పెళ్ళిళ్ళకీ పదేళ్ళుగా నేను ఈ రెండింట్లోనే తిరుగుతున్నాను. "అమెరికా బండ్లలో ఏది తీసుకోమంటావు?" అని చుట్టాల్లో ఎవరో ఒకరు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఆ రెండు కంపెనీలూ ఇక్కడ కార్లు అమ్మడం మానేసి ఏళ్ళయినా అడుగుతారు. కారణం తెలిసిందే. ధర తక్కువ, కూర్చుంటే సుఖం. గుమ్మంలో నిలబడి చెప్పే జవాబు ఈ ప్రశ్నకు చాలదనిపించి రాస్తున్నాను.

ముందుగా 'అమెరికా బండి' అన్న మాటను విప్పి చూడాలి. ఆప్ట్రా మూతి మీద షెవర్లే గుర్తు ఉన్న మాట నిజమే గాని, అది పుట్టింది కొరియాలో. అక్కడ దాని పేరు దేవూ లాసెట్టి. 2002లో జనరల్ మోటార్స్ దేవూ కార్ల వ్యాపారాన్ని చేతుల్లోకి తీసుకుంది. మరుసటి ఏడే ఆ కారు ఆప్ట్రా పేరుతో గుజరాత్‌లోని హాలోల్ ఫ్యాక్టరీ నుంచి మన రోడ్ల మీదికి వచ్చింది. ఒళ్ళు తీర్చింది ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా. 2007లో మాగ్నమ్‌కి పెట్టిన 2 లీటర్ల డీజిల్ ఇంజన్ కూడా ఇటలీవాళ్ళదే, వీఎం మోటోరీ అనే కంపెనీది. ఫియెస్టా కథా ఇలాంటిదే. 2005 చివర్లో చెన్నై పక్కన మరైమలై నగర్‌లో తయారై వచ్చింది. దాని 1.4 డీజిల్ ఇంజన్ ఫ్రాన్సు కంపెనీ పీఎస్ఏతో ఫోర్డ్ కలిసి చేసుకున్నది. అమెరికాలో 'మిడ్‌సైజ్' అంటే మాలిబు, పాత టారస్ లాంటివి. చివరి తరం మాలిబులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,829 మిల్లీమీటర్లు. ఆప్ట్రాలో అది 2,600, ఫియెస్టాలో 2,486. వాళ్ళ కొలతకు మన రెండూ చిన్నవే. అయినా పల్లెటూరి రోడ్డు మీద నలుగురు పెద్దవాళ్ళను అలుపు లేకుండా తీసుకెళ్ళే కారు అనే అర్థంలో ఈ రెండూ మనకు మిడ్‌సైజ్ బండ్లే.

ఈ ప్రాంతానికి అమెరికా కంపెనీలు కొత్తవేమీ కావు. ఫోర్డ్ 1926లోనే ఇండియాలో కంపెనీ పెట్టింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి సెవ్రీలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. మదురైలో టి.వి.సుందరం అయ్యంగార్ బస్సులు నడుపుతూ జనరల్ మోటార్స్ బండ్లు అమ్మారు. అదే రోజుల్లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగింట పుట్టిన జి.డి.నాయుడు 1920లో తన మొదటి బస్సును పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపాడు. పళని ఇప్పుడు మా దిండిగల్ జిల్లాలోనిదే. మోటారు బండిని విప్పి, అర్థం చేసుకుని, మళ్ళీ బిగించుకునే అలవాటు ఈ నేలకు వచ్చింది ఆ తరం నుంచేనని నా నమ్మకం. విడిభాగాలు తెచ్చి బిగించడం చాలదు, కారును ఇక్కడే తయారుచేసే పథకం ఉండాలని 1950లలో ప్రభుత్వం తేల్చి చెప్పింది. ఆ దశాబ్దం నడుమకల్లా ఫోర్డూ జనరల్ మోటార్సూ దుకాణం కట్టేశాయి. 1990లలో రెండూ తిరిగివచ్చాయి. 2017 మే నెలలో జనరల్ మోటార్స్ ఆ ఏడాది చివరికల్లా అమ్మకాలు ఆపేస్తానంది. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ కార్ల తయారీ మానేస్తున్నానంది. అంటే రెండు కంపెనీలూ ఈ దేశాన్ని రెండేసి సార్లు వదిలి వెళ్ళాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడు మైలేజీ కంటే ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

ఇక కారులో కూర్చుందాం.

ఆప్ట్రా వెనక తలుపు తీస్తే మొదట తెలిసేది వెడల్పు. మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దమ్మ పక్కకు తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి లాక్కోగలదు. ఫియెస్టాలో ఆ పని కష్టం. 114 మిల్లీమీటర్ల తేడా కాగితం మీద జానెడు కూడా లేదు. ముసలివాళ్ళ మోకాలికి మాత్రం అదే లెక్క. ఆప్ట్రా సీటు దిండు మందంగా ఉంటుంది, తొడల కింద ఖాళీ మిగలదు. వెనక చక్రాలు రెండూ దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ కావడంతో, ఒక చక్రం గుంటలో పడినా రెండో వైపు కూర్చున్నవాళ్ళకు ఆ దెబ్బ పూర్తిగా అందదు. వత్తలగుండు వైపు రోడ్డు చెడిపోయిన వానాకాలాల్లో ఈ తేడా నేను చాలాసార్లు గమనించాను. ఫియెస్టాలో వెనక రెండు చక్రాలనూ ఒకే దూలం కలుపుతుంది. ఒక పక్క గుంట రెండో పక్కకీ తెలుస్తుంది. బండి అదుపులో ఉండడానికి స్ప్రింగులూ కొంచెం బిగుతుగా పెట్టారు. కడుపుతో ఉన్న ఆడపిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే మా ఇళ్ళలో అందరూ పెదనాయన బండినే అడుగుతారు. ఆప్ట్రా గురించి నేను చెప్పగల గొప్ప మాట అదే.

అయితే స్టీరింగు ముందుకు వస్తే నా మనసు మారుతుంది. ఆప్ట్రా మాగ్నమ్ డీజిల్‌కి 121 పీఎస్ బలం, 280 న్యూటన్ మీటర్ల టార్క్. ఫియెస్టా డీజిల్‌కి 68 పీఎస్, 160 న్యూటన్ మీటర్లే. అంకెలు చూసినవాడు ఫియెస్టాను పక్కన పెట్టేస్తాడు. దిండిగల్ నుంచి మదురైకి నాలుగు వరుసల రోడ్డు మీద ఆ అంకెలు నిజమే చెబుతాయి. లారీని దాటాలంటే ఆప్ట్రాలో కాలు కాస్త నొక్కితే చాలు, ఫియెస్టాలో గేరు దించి ఎదురు చూడాలి. మాటలు మారేది సిరుమలై ఎక్కేటప్పుడు. ఊరికి ఆనుకునే ఉన్న ఆ కొండకు 18 హెయిర్‌పిన్ మలుపులు. మలుపులో వేగం పడిపోగానే ఆప్ట్రా టర్బో ఊపిరి తగ్గుతుంది. ఇంజన్ తిరుగుడు మళ్ళీ 2,000 దగ్గరికి వచ్చేదాకా బరువంతా చేతికి తెలుస్తుంది, ఆ తర్వాత బలం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఫియెస్టాకు బలం తక్కువే గాని అది ఎప్పుడు ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. దాని స్టీరింగు చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో వేళ్ళకు చెబుతుంది. ఆ తరగతిలో, ఆ ధరలో, అంత నిజాయితీగల స్టీరింగు నేను మరో బండిలో చూడలేదు. ఫోర్డ్ ఇంజనీర్లు ఈ ఒక్క విషయంలో ఎక్కడా రాజీపడలేదని నడిపిన ప్రతివాడికీ తెలుస్తుంది. 1999లో వచ్చిన ఐకాన్‌ని 'జోష్ మెషీన్' అని అమ్మారు. ఆ జోష్‌ని ఫియెస్టా ఇంకా పెద్దమనిషి తరహాలో చూపించింది.

డీజిల్ ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. బావ లెక్కలో ఫియెస్టా లీటరుకు 17, 18 ఇస్తుంది. పెదనాయన బండి 13 దాటితే ఆ రోజు ఇంట్లో చెబుతాడు. డిక్కీ రెండింటికీ చాలినంత ఉంది.

ఒక కళాకృతిగా చూస్తే ఆప్ట్రా వెనక కూర్చునేవాళ్ళ కోసం చేసినది, ఫియెస్టా ముందు కూర్చునేవాడి కోసం చేసినది. పాత అమెరికన్ సెడాన్ల స్వభావం వీటిలో దేనికి వచ్చిందంటే ఆప్ట్రాకే. పుట్టుక కొరియాది, గుండె ఇటలీది అయినా, ప్రయాణికుడి నడుముకు తగలకుండా రోడ్డును దాచిపెట్టాలన్న ఆశ డెట్రాయిట్‌ది. అందుకే నాకు ఆప్ట్రా అంటే ఎక్కువ ప్రేమ. ఇది దాచుకోను.

కాని సెకండ్ హ్యాండ్ కొనుగోలు ప్రేమతో తేలే వ్యవహారం కాదు. ఇంట్లో మేం 'బండి' అంటాం, గడప దాటగానే అది తమిళంలో 'వండి' అవుతుంది. ఆ వండిని బాగుచేసే షెడ్డులోకి వెళ్ళి అడిగితే తేడా తెలుస్తుంది. మా వీధి చివర మెకానిక్ తమిళుడు, మాతో సగం తెలుగే మాట్లాడతాడు. "ఫోర్డ్‌కి అయితే సామాను రేపు తెప్పిస్తా అన్నా. షెవర్లేకి అయితే ముందు నాలుగు ఫోన్లు చెయ్యనీ" అంటాడు. దీని వెనక కారణం స్పష్టంగా ఉంది. 2010లో ఫోర్డ్ తెచ్చిన ఫిగో ఈ ఫియెస్టా పునాది మీదే కట్టినది, డీజిల్ ఇంజనూ అదే 1.4. తమిళనాడు రోడ్ల మీద ఫిగోలు కొల్లలు. 2011లో కొత్త ఫియెస్టా వచ్చాక కూడా పాతదాన్ని 'క్లాసిక్' పేరుతో ఇంకొన్నేళ్ళు చేశారు. కాబట్టి ఫియెస్టాకు తోబుట్టువులు ఎక్కువ. బుష్‌లు, క్లచ్ ప్లేటు, ఇంజన్ మౌంటింగులు బయటి కంపెనీలు ఇంకా చేస్తున్నాయి. ఆప్ట్రా డీజిల్‌కి చుట్టాలు క్యాప్టివా, క్రూజ్. అదే వీఎం కుటుంబం ఇంజన్లు వాటిలోనూ ఉన్నాయి గాని, ఆ బండ్లు ఖరీదైనవి, అమ్ముడైనవి తక్కువ. చెన్నై పుదుపేటలో పాత విడిభాగాల కొట్లలో వెతకాల్సిన వస్తువులు ఆప్ట్రాకే ఎక్కువ. లోహపు ముక్కయితే కోయంబత్తూరు లేత్ పట్టినవాళ్ళు చేసి ఇస్తారు. సెన్సరూ, కంట్రోల్ యూనిట్టూ లేత్ మీద తయారయ్యేవి కావు.

ఇంకొక సంగతి. చెన్నై నుంచి తిరుచ్చి మీదుగా దిండిగల్‌కి వచ్చే పాత 45వ నంబరు జాతీయ రహదారి మీదే మరైమలై నగర్ ఉంది. పాతికేళ్ళపాటు ఆ ఫ్యాక్టరీలో, దాని చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీల్లో పని నేర్చుకున్నవాళ్ళు ఈ రోడ్డు పొడవునా ఊరూరా ఉన్నారు. ఫ్యాక్టరీ గేటు మూసుకున్నా వాళ్ళ చేతుల్లోని పని పోలేదు. హాలోల్ మనకు చాలా దూరం. అక్కడి పనివాళ్ళ నేర్పు గుజరాత్‌లోనే ఉంటుంది గాని ఇంత దూరం నడిచి రాదు. దిండిగల్ తాళాలు చేసే ఊరు, ఒక చేతి పని ఒక ఊరిని ఎంతకాలం అంటిపెట్టుకుని ఉంటుందో మాకు తెలుసు.

కాగితాల విషయం కూడా చూడాలి. 2008 బండ్లకు 2023తో 15 ఏళ్ళు నిండాయి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) చూపించి ఆర్‌సీ తిరగరాయించుకుంటే ఇంకో 5 ఏళ్ళు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము కారుకు 5,000 రూపాయలు. 20 ఏళ్ళు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో కేంద్రం నిబంధన తెచ్చింది. దానికి తోడు రాష్ట్రం గ్రీన్ టాక్స్. ఇప్పుడు ఆప్ట్రా గానీ ఫియెస్టా గానీ కొనేవాళ్ళు 2028లో ఏం చేయాలో ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

నా తీర్పు ఇది. ఇంట్లో ఇప్పటికే ఆప్ట్రా ఉండి, దాన్ని ఎరిగిన మెకానిక్ దగ్గర్లో ఉంటే అమ్మకండి. దానికి వచ్చే ధరకు ఆ వెనక సీటు మళ్ళీ ఎక్కడా దొరకదు. కొత్తగా కొనేవాళ్ళయితే ఫియెస్టా తీసుకోండి, వీలైతే 2008 తర్వాతి డీజిల్, లేదా 2011 తర్వాతి క్లాసిక్. ఏది కొన్నా టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. రసీదు లేకపోతే మొదటి వారంలోనే మార్పించండి, ఎందుకంటే ఈ రెండు ఇంజన్లలోనూ అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఆ ఖర్చు బండి ధరలో సగం దాకా పోతుంది. బేరం ఆడే ముందు సిరుమలై 18 మలుపులూ ఎక్కించి దింపి చూడండి. ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళండి.