గిరీశం వేషం ఎవరికిద్దాం?

తొమ్మిదో తరగతి పిల్లలకు ‘కన్యాశుల్కం’ చెప్పమంటే మన మాస్టార్లలో చాలామంది గురజాడ అప్పారావు గారి పుట్టుకతో మొదలుపెడతారు. 1862లో పుట్టారు, 1915లో పోయారు, విజయనగరం మహారాజా వారి కాలేజీలో పాఠాలు చెప్పారు, నాటకం 1892లో మొదటిసారి రంగమెక్కింది, 1897లో అచ్చయింది, బాగా పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. బోర్డు నిండుతుంది, గంట కొడతారు. గిరీశం మాత్రం ఇంకా క్లాసులోకి రానేలేదు.

బడిపిల్లల చేత పాత నాటకాలు ఆడించడం నా వ్యాపకం. ఇందులో నేను పట్టుకున్న సూత్రం ఒకటే. నాటకం ముందు పిల్లల నోట పలకాలి, ఒంటికి ఎక్కాలి. కవి కాలాదులూ అర్థతాత్పర్యాలూ ఆ తర్వాత. ఈ వరస తిరగబడితే ఎంత గొప్ప నాటకమైనా పరీక్షలో ఒక ప్రశ్నగానే మిగిలిపోతుంది.

అందుకే నేను వెంకటేశంతో మొదలుపెడతాను. వాడూ బడిపిల్లాడే. పరీక్ష తప్పాడు. సెలవులకు ఊరికి వెళ్లాలి. అక్కడ తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఉన్నాడు, కోపమొస్తే నోరూ చెయ్యీ ఆగని మనిషి. ఇంతవరకూ చెప్పి, ‘మీరైతే ఏం చేస్తార్రా?’ అని అడుగుతాను. మార్కుల కాగితం దాచేస్తానంటాడొకడు. అమ్మ చేత చెప్పిస్తానంటుందొక పిల్ల. చుట్టాలున్నప్పుడు చెబితే నాన్న కొట్టడని ఇంకొకడి అనుభవసారం. క్లాసంతా తమ గుట్లు బయటపెట్టుకున్నాక, వెంకటేశం ఏం చేశాడో చూద్దామని పుస్తకం తెరుస్తాను.

విజయనగరం బొంకులదిబ్బ దగ్గర, వెంకటేశానికి చదువు చెప్పే గిరీశం ఒంటరిగా మాట్లాడుకుంటూ కనిపిస్తాడు. ఊరంతా అప్పులు చేశాడు, పూటకూళ్లమ్మ డబ్బు వాడేశాడు, ఊరు వదిలి తీరాలి. వెంకటేశానికి ఇంట్లో అడ్డుగా నిలబడే పెద్దమనిషి కావాలి, గిరీశానికి కొన్నాళ్లు తిండీ నీడా కావాలి. ఎవరికేం కావాలో తెలిశాక పిల్లలు మాటలను మొక్కుబడిగా అప్పజెప్పరు. ప్రతి మాట దగ్గరా నేనడిగేది ఆ ఒక్క ప్రశ్నే: ఈ మనిషికి ఇప్పుడేం కావాలి? ‘భావం రాయుము’ అనే పని సగం అక్కడే అయిపోతుంది.

గిరీశం వేషం ఎవరికివ్వాలన్నది పెద్ద పేచీ. క్లాసులో గట్టి గొంతున్న కుర్రాడు ముందే లేచి నిలబడతాడు. వాడికే ఇచ్చేస్తే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు. అందుకని పేజీకో గిరీశాన్ని మారుస్తాను. ఆడపిల్లలు కూడా కండువా వేసుకుని గిరీశాలవుతారు. వెనక బెంచీలో నోరు విప్పని పిల్లాడు మెల్లగా, తొణక్కుండా కోతలు కోస్తే గిరీశం ఇంకా ప్రమాదకరంగా ఉంటాడని క్లాసు మొత్తానికీ తెలుస్తుంది. ఆడవేషం వేయనని మొరాయించే మగపిల్లలకు మహేశం పాత్ర మంచి మందు. వెంకటేశం మేనమామ కరటకశాస్త్రి శిష్యుడైన మహేశం కథలోనే ఆడపిల్ల వేషం కట్టి, ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లును బురిడీ కొట్టిస్తాడు. వేషంలో వేషం అనేసరికి సిగ్గు పోయి పోటీ మొదలవుతుంది.

నాకు బాగా పని చేసేది వెంకటేశం ఊరు కృష్ణరాయపురం అగ్రహారంలో ఇంగ్లీషు మాట్లాడే ఘట్టం. కొడుకు చదువు చూసి పొంగిపోదామనుకున్న తల్లిదండ్రుల ముందు గురుశిష్యులిద్దరూ ఒకదానికొకటి అతకని ఇంగ్లీషు ముక్కలను సంభాషణలా వల్లిస్తారు. ఇది చదివాక పిల్లల్ని ఇద్దరిద్దరిగా విడదీసి, మీకొచ్చిన ఇంగ్లీషు పద్యాలు, సైన్సు సూత్రాలు కలిపి మీరూ అలాగే మాట్లాడండి అంటాను. ఒకడు న్యూటన్ సూత్రాన్ని కోపంగా అంటాడు, రెండోవాడు వారాల పేర్లు చెప్పి వాణ్ణి ఓదారుస్తాడు. నవ్వులు సద్దుమణిగాక అడుగుతాను: ‘ఇక్కడ మోసపోయిందెవరు? ఎందుకు మోసపోయారు?’ చుట్టాలొచ్చినప్పుడు ‘ఇంగ్లీషులో ఏదైనా చెప్పు నాన్నా’ అని ముందుకు తోసే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.

మధురవాణి దగ్గరికొచ్చేసరికి మాస్టార్లు ఇబ్బంది పడతారు. వేశ్య పాత్రను పిల్లలకెలా చెప్పాలని కొందరు ఆ రంగాలే వదిలేస్తారు. ఆమె వృత్తేమిటో ఒక్క వాక్యంలో సూటిగా చెప్పి ముందుకు సాగితే ఏ గొడవా ఉండదు. దాచిపెడితేనే గుసగుసలు. నాటకంలో అందరి వేషాలనూ ముందుగా కనిపెట్టేది ఆవిడే. మొదటి అంకంలో ఆమె ఇంటికి గిరీశం రావడంతో, అప్పటికే అక్కడున్న రామప్పపంతులు మంచం కిందికి దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి గిరీశం కూడా అక్కడికే చేరతాడు. క్లాసులో రెండు బెంచీలు కలిపితే మంచం. కింద ఉన్నవాళ్లు మాట్లాడకూడదు, మొహాలతోనే భయం చెప్పాలి. నటన అంటే అరవడం కాదని అక్కడ తెలిసొస్తుంది.

ఇక కత్తిరింపులు. రెండో కూర్పు ఏడంకాలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్లో ఒక్క రంగమే కష్టం. నేను ధారాళంగా కత్తిరిస్తాను, తిరిగి మాత్రం రాయను. తిట్లు వదిలేయొచ్చు, పొడుగు మాటలు తగ్గించొచ్చు. ఉంచిన వాక్యం గురజాడదిగానే ఉండాలి. పిల్లలకు అర్థం కాదని సినిమా జోకులు, టీవీ మాటలు జొప్పిస్తే విజయనగరం మాటలోని నడక కుంటుపడుతుంది. వందేళ్లు దాటిన ఆ మాట కంటితో చదివితే కష్టంగా ఉంటుంది గానీ, పైకి చదివితే ఇట్టే పట్టుబడుతుంది.

పద్యనాటకానికీ ఇదే వరస. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయములు’ తీసుకుంటే, రాయబారంలో కృష్ణుడి పద్యాన్ని ముందు వట్టి మాటగా చెప్పిస్తాను. అది బతిమాలడమా, బెదిరింపా, రెండూనా? తేలాక రాగం. బాగా చదివినవాడికి పాత పద్ధతిలో క్లాసంతా ‘వన్స్‌మోర్’ కొట్టొచ్చు. వన్స్‌మోర్ కోసం పద్యాన్ని కంఠతా పట్టిన పిల్లల్ని చూశాను. మార్కుల కోసమైతే అంత శ్రమ పడరు.

ఇంత నవ్వాక ఒక ప్రశ్న మిగులుతుంది. ‘కన్యాశుల్కం’ నాటకమంతా ఎవరి పెళ్లి చుట్టూ తిరుగుతుందో, అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు ఆ సుబ్బి ఏమంది? ఆ చిన్నపిల్ల గొంతు మనకు దాదాపు వినిపించదు. సుబ్బి తరఫున ఒక పేజీ రాయమంటాను. ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చున్నవాళ్లకు అప్పుడు చెబుతాను గురజాడ ముందుమాట గురించి. మొదటి ముద్రణకు ఇంగ్లీషులో రాసిన ఆ ముందుమాటలో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసినవి, 1,034 అని లెక్క ఉంది. ఆ పెళ్లికూతుళ్లలో ముగ్గురు ఏడాది పిల్లలు. పుట్టిన తేదీల కంటే ముందు బోర్డుమీద రాయాల్సిన అంకెలివి.

‘అది పాతకాలం కదండీ’ అంటారు పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల స్త్రీలలో పద్ధెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆడపిల్లకు పెళ్లి కోసం డబ్బు పుచ్చుకునే ఆచారం పోయి, ఇచ్చే ఆచారం వచ్చింది. సుబ్బి వయసు కొంచెం పెరిగింది, అంతే. ఆ క్లాసులో పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లు రాసే సుబ్బి పేజీల్లో అది ఎలాగూ వచ్చేస్తుంది.

చివరగా 1955 నాటి సినిమా చూపిస్తాను. ముందే చూపిస్తే ఎన్టీఆర్ గిరీశాన్ని, సావిత్రి మధురవాణిని అనుకరించి ఊరుకుంటారు. తాము ఆడాక చూస్తే ‘ఇక్కడ ఇలా ఎందుకు మార్చారు?’ అని పేచీ పెడతారు. విమర్శ అంటే అదే.

మైకు, తెర, అద్దె మేకప్ ఏవీ అక్కర్లేదు. రెండు బెంచీలు, ఒక చీపురు, ఒక కండువా చాలు. తెలుగు మాస్టార్లకూ టీచరమ్మలకూ నా మనవి ఇంతే: ఈసారి నాటకం పాఠం వచ్చినప్పుడు కవి పరిచయాన్ని ఆఖరి పీరియడ్‌కు వాయిదా వేయండి. మొదటి పీరియడ్‌లో అడుగుపెడుతూనే, ‘గిరీశం వేషం ఎవరేస్తారు?’ అని అడగండి.