ద్విసర్పిలము: కథయు, కొలతయు

జేమ్స్ వాట్సన్ వ్రాసిన ‘ది డబుల్ హెలిక్స్’ 1968 లో వెలువడినది. డి.ఎన్.ఎ. అణువు ద్విసర్పిలాకారమున, అనగా మెలితిరిగిన నిచ్చెనవలె, ఉన్నదని తానును, ఫ్రాన్సిస్ క్రిక్కును 1953 లో కేంబ్రిడ్జిలో ఎట్లు గ్రహించిరో ఆయన ఇందు చెప్పెను. జన్యుశాస్త్రమును బోధించు ఉపాధ్యాయులందరును చదువదగిన పుస్తకమిది. కాని నా విద్యార్థి ఒకడు దీనిని ఒక్క రాత్రిలో చదివి, మరునాడు వచ్చి, “ఇంతేనాండీ? అట్టముక్కలు అమర్చి చూస్తే నోబెల్ బహుమతి వచ్చేస్తుందా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు కారణము పుస్తకములోనే ఉన్నది.

ముందుగ దీని గుణమును చెప్పవలెను. పాఠ్యగ్రంథములలో ఫలితము మాత్రమే కనబడును, పొరపాట్లు కనబడవు. వాట్సన్ తన పొరపాట్లను దాచలేదు. 1951 చివర తామిరువురును కట్టిన మొదటి నమూనాలో మూడు పోగులుండెను. ఫాస్ఫేటులు లోపలివైపున ఉండెను. డి.ఎన్.ఎ. పట్టియుంచు నీటి పరిమాణమును తాను తప్పుగ జ్ఞాపకముంచుకొన్నట్లు ఆయనయే ఒప్పుకొనెను. తరువాత అడినైన్‌కు అడినైన్‌నే జతచేయ ప్రయత్నించెను. ఆ క్షారములకు పుస్తకములలో చూపిన రూపములే సరియైనవి కావని జెర్రీ డొనహ్యూ అను రసాయన శాస్త్రజ్ఞుడు సరిదిద్దెను. అటుపిమ్మటనే అట్టముక్కలలో అడినైన్ థైమిన్‌తోను, గ్వానిన్ సైటోసిన్‌తోను కుదిరెను. రెండు జంటల పొడవును ఒకటే అగుటచే నిచ్చెన మెట్లన్నియు సమానమయ్యెను. ఈ ఘట్టమును చదువుచున్నప్పుడు కలుగు ఆనందము సామాన్యమైనది కాదు.

అయితే ఆ ముక్కలు ఎక్కడ అమరవలెనో తెలిపిన కొలతలు ఇతరులవి. అడినైన్, థైమిన్‌ల పరిమాణములు సమానములనియు, గ్వానిన్, సైటోసిన్‌లవి సమానములనియు ఎర్విన్ చార్గాఫ్ అంతకుముందే విశ్లేషించి చూపెను. లండన్‌లోని కింగ్స్ కళాశాలలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, తేమను బట్టి డి.ఎన్.ఎ. రెండు రూపములు దాల్చునని స్పష్టపరచెను. ఫాస్ఫేటులు వెలుపల ఉండవలెనని చెప్పెను. 1952 మే నెలలో ఆమెయు, ఆమె శిష్యుడు రేమండ్ గాస్లింగును తీసిన 51వ ఎక్స్-కిరణ చిత్రమును మారిస్ విల్కిన్స్ 1953 జనవరిలో, ఆమె ఎరుగకుండ, వాట్సన్‌కు చూపెను. ఒక్కొక్క మెలిక 34 ఆంగ్‌స్ట్రాములు, మెట్టుకు మెట్టుకు దూరము 3.4 ఆంగ్‌స్ట్రాములు అను లెక్కలు ఇట్టి చిత్రములనుండి వచ్చినవే. ఆమె కొలతలున్న ఒక నివేదికనుండియే, రెండు పోగులును వ్యతిరేక దిశలలో సాగునని క్రిక్ గ్రహించెను.

ఈ పుస్తకము ఆమెను ‘రోజీ’ అని పిలుచుచు, ఆమె దుస్తులను, కోపమును వర్ణించినంత శ్రద్ధతో ఆమె పనిని వివరింపదు. ఆమె 1958 లోనే, 37వ ఏట మరణించెను. బదులు చెప్పుటకు లేదు. చివరి పుటలలో వాట్సన్ ఆమె ప్రతిభను కొనియాడి, తన తొలి అభిప్రాయములు తరచుగ తప్పని అంగీకరించెను. కాని అప్పటికే పాఠకుని మనస్సులో ఒక చిత్రము ముద్రపడియుండును.

మరియొక లోపము కలదు. కథ ముఖ్యముగ 1953 తో ముగియుటచే, డి.ఎన్.ఎ. తన ప్రతిని తాను తయారుచేసికొను విధము కూడ అప్పుడే ఋజువైనదని విద్యార్థి అనుకొనును. నమూనా దానిని సూచించెను, అంతే. ఋజువు 1958 లో మెసెల్సన్, స్టాల్ అనువారి ప్రయోగములో వచ్చెను. వారు బాక్టీరియాను బరువైన నత్రజని-15 లో పెంచి, పిదప సాధారణ నత్రజనికి మార్చి, వాని డి.ఎన్.ఎ.ను సీసియం క్లోరైడు ద్రావణములో అతివేగముగ త్రిప్పిరి. ఒక తరము తరువాత నడిమి బరువుగల పట్టీ ఒక్కటే కనబడెను. పాత అణువు చెక్కుచెదరక నిలిచినచో, బరువైనది ఒకటి, తేలికైనది ఒకటి, రెండు పట్టీలు కనబడవలసియుండెను. రెండవ తరములో సగము నడిమి పట్టీలోను, సగము తేలిక పట్టీలోను ఉండెను. కనుక ప్రతి క్రొత్త అణువులోను ఒక పాత పోగు, ఒక క్రొత్త పోగు ఉన్నవని తేలెను.

ఉపాధ్యాయులు ఈ పుస్తకమును విద్యార్థులచే తప్పక చదివింపవలెను. కాని దానికిముందు నల్లబల్లపై చార్గాఫ్ నిష్పత్తులను వ్రాసి, వానినుండి ఏమి ఊహింపవచ్చునో అడుగవలెను. తరువాత మెసెల్సన్, స్టాల్‌ల పట్టీలను గీసి చూపవలెను. నా విద్యార్థికి నేను చెప్పిన సమాధానమిది: “అట్టముక్కలు ఎవరైనా అమర్చవచ్చు నాయనా. ఏ ముక్క ఎక్కడ ఇమడాలో తెలియాలంటే, ముందుగా ఎవరో ఒకరు కొలిచి ఉండాలి.”