షార్కో పాదము - చిత్రము చెప్పునది, చెప్పనిది

1966లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఐకెన్‌హోల్ట్స్ 'షార్కో కీళ్లు' అను గ్రంథమును ప్రకటించెను. నరముల స్పర్శ నశించిన కీళ్లు ఎట్లు శిథిలమగునో, ఎట్లు కుదుటపడునో అందు మూడు దశలుగా చూపెను. మొదటి దశలో ఎముక చిట్లి ముక్కలగును. రెండవ దశలో ఆ ముక్కలు ఒకదానితో నొకటి అతుకుకొనును. మూడవ దశలో కీలు వికృతాకారముతోనే గట్టిపడును. వైద్యులు నేటికిని ఈ దశలను పేర్కొనుచునే యున్నారు. కనుక ఈ విభజన యొక్క బలాబలములను పరిశీలించుట అవసరము.

1868లో ఫ్రెంచి నరవైద్యుడు షార్కో ఈ కీళ్ల వికారమును వర్ణించినపుడు, వెన్నుపామునకు సోకిన సిఫిలిస్ దానికి కారణముగా నుండెను. 1936లో డబ్ల్యు. ఆర్. జోర్డన్ దీనిని మధుమేహముతో ముడిపెట్టెను. నేడు మధుమేహమే దీనికి ముఖ్యకారణము. నరములు చెడిన పాదమునకు నొప్పి సరిగా తెలియదు. రోగి విరిగిన ఎముకపైననే నడచును. పాదము వాచి, ఎర్రబడి, వేడెక్కును. దానిని బెణుకనియో, చీము పట్టుచున్నదనియో పొరబడుట సులభము.

శిథిలమగుటకును కుదుటపడుటకును ఒక క్రమమున్నదని చూపుట ఐకెన్‌హోల్ట్స్ సాధించిన ఘనత. అయితే ఆయన చేతనున్న సాధనము ఎక్స్-కిరణ చిత్రము. అది ఎముకలోని కాల్షియము వేయు నీడ. ఎముక విరిగినను, కీలు తొలగినను నీడ మారును. అంతకు ముందు మారదు. మొదటి దశ చిత్రమునకెక్కునాటికే నష్టము జరిగిపోవును. ఈ లోపమును గ్రహించియే తరువాతి వైద్యులు 'సున్న దశ'ను చేర్చిరి.

ఆ సున్న దశను కంటికి చూపునది అయస్కాంత అనునాద చిత్రము, అనగా ఎం.ఆర్.ఐ. ఇది కాల్షియమును గాక, నీటిలోను కొవ్వులోను ఉన్న హైడ్రోజన్ కేంద్రకముల స్పందనను గ్రహించును. ఎముక చిట్లకమునుపే మజ్జలో చేరిన నీరు ఇందు కనబడును. ఈ ఆధారముననే 2014లో శాంటెలౌ, గ్రుట్స్‌నర్ అనువారు పాత దశలకు మారుగా రోగము చురుకుగా నున్నదా, అణగినదా అను కొత్త విభజనను ప్రతిపాదించిరి. చికిత్సకు ఇదియే ఎక్కువ ఉపయుక్తము.

అయినను కొత్త సాధనమునకును హద్దులు కలవు. మజ్జలో నీరున్నదని అది చెప్పును. ఎందుకున్నదో ఎల్లప్పుడు చెప్పజాలదు. ఎముకకు సూక్ష్మజీవులు సోకినను అట్టి చిత్రమే రావచ్చును. అపుడు చర్మముపై పుండున్నదా యని చూడవలెను. ఒక్కొక్కప్పుడు ఎముక తునకను తీసి పరీక్షింపవలెను. పాదము చల్లబడిన పిదపకూడ మజ్జలో నీరు కొంతకాలము నిలిచియుండవచ్చును. కనుకనే 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు రోగము అణగినదని తేల్చుటకు వేడి, వాపు, చిత్రము మూడింటిని కలిపి చూడుమని సూచించినవి.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. అనుమానము కలిగిన వెంటనే మోకాలి వరకు పిండికట్టు వంటి కట్టు వేసి పాదముపై బరువు పడకుండ చేయవలెను. చిత్రము కొరకు దీనిని ఆపరాదు. రెండు పాదముల వేడిని పోల్చుటకు చిన్న ఉష్ణమాపకము చాలును. చిత్రము ఎంత సూక్ష్మమైనను, పాదమును తాకి చూచిన చేయియే మొదటి సాక్షి. ఆ సాక్ష్యమును త్రోసిపుచ్చి, ఎక్స్-కిరణ చిత్రము నిర్దోషముగా నున్నదని రోగిని నడిపించి పంపుట పాదమునకే ముప్పు.