విజయగాథలో కనిపించని పొరుగింటి మనిషి

కథ గురించి, నవల గురించి మనం వ్రాసుకున్న విమర్శలో పదోవంతుకూడా నోచుకోని గద్య ప్రక్రియ ఒకటి వున్నది. సూక్ష్మరుణ సంస్థల నివేదికలలో అచ్చయ్యే విజయగాథ అది. దాని ఇతివృత్తం ఎక్కడైనా ఒక్కటే: ఒక పేదరాలు, తాగుబోతు భర్త, షావుకారు పీడన, అంతలో ఒక చిన్న అప్పు, దానితో ఒక గేదె, కాకుంటే ఒక కుట్టుమిషను, చివరకు బడికి పోయే పిల్లలు, నవ్వుతున్న ఫొటో. దీనిని ప్రచారమని తోసిపుచ్చటం తేలిక. కాని ఆ మాటనే మన రచనల మీద విసిరినవారు చాలామంది వున్నారు గనుక, మనకా తొందర తగదు. రచనను రచనగానే చదివి చూద్దాం.

యీ గాథకు మూలం బంగ్లాదేశ్‌లో వున్నది. 1976లో చిట్టగాంగు సమీపాన జోబ్రా గ్రామంలో అర్థశాస్త్రాచార్యుడు మహమ్మద్ యూనస్ 42 మందికి కలిపి 27 డాలర్లు అప్పిచ్చాడు. వెదురు పీటలు చేసే స్త్రీ ముడిసరుకు కోసం వర్తకుని దగ్గర అప్పుపడి, చేసిన పీటను అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మవలసి రావటం ఆయన కళ్లారా చూశాడు. యిది చక్కని పరిశీలన. శ్రమించే చేతికీ ముడిసరుకుకూ మధ్య వర్తకుడు ఎట్లా నిలబడ్డాడో అందులో తెలుస్తున్నది. యింతవరకు మనకు పేచీ లేదు. కాని ఆ పరిశీలననుంచి తీసిన సిద్ధాంతం మాత్రం పేదవానికి కొరవడినది అప్పేనని. భూమి, కూలిరేటు, సర్కారు ఆసుపత్రి ఒకదాని వెంట ఒకటి తెరవెనక్కు పోయినవి. 1983లో గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అప్పు అనే మాటకు 'ఆర్థికసేవల అందుబాటు' అనే పేరు స్థిరపడింది. జ్వరానికి మందులకోసం చేసిన అప్పుకుకూడా అదే పేరు.

మన ప్రాంతంలో యీ కథ మరొక రకంగా నడిచింది. 1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దుకోవటానికి వచ్చిన స్త్రీలు సారా దుకాణాలు మూయించారు, సారా పాటలను అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే కాలంలో రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు లేచినవి. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టే ప్రయత్నం ఆరంభించింది. ఆ సంఘంలో డబ్బు తమది, ఎవరికి ముందు యివ్వాలన్న నిర్ణయం తమది.

తరువాత వచ్చిన ప్రైవేటు సంస్థల పద్ధతి గ్రామీణ బ్యాంకుది: కొద్దిమంది జట్టు, వారంవారం వాయిదా, ఒకరికొకరు పూచీ. కాని సంఘంలో కూర్చోవటం, మాట మీద నిలబడటం అప్పటికే నేర్చిన స్త్రీలు వారికి తయారుగా దొరికారు. వస్తురూపాల సంబంధాన్ని గురించి వాదించుకునే మనవారికి యింతకంటె మంచి ఉదాహరణ దొరకదు. రూపం సంఘానిదే, లోపలి వస్తువు వడ్డీవ్యాపారం. తాకట్టుకు చెంబుకూడా లేని యింట్లో తాకట్టు పెట్టదగినది ఒకటి కనిపెట్టారు: యిరుగుపొరుగు. ఒకామె వాయిదా తేలేకపోతే మిగిలినవారు వేసుకోవాలి, లేదా ఆమె యింటి ముందు కూర్చోవాలి. షావుకారు వసూలుకు మనిషిని పెడితే వానికి జీతం యివ్వవలసి వచ్చేది. యిక్కడ ఆ పనిని పొరుగింటామె జీతం లేకుండా చేసింది, పైగా శత్రుత్వం మూటగట్టుకున్నది. విజయగాథలో ఆమెకు పాత్ర లేదు. నూటికి తొంభైయెనిమిది వంతులు వసూలు అని సంస్థలు గర్వంగా చెప్పుకునే వాక్యం వున్నదే, ఆమె వున్నది దాని వెనుక.

వడ్డీ భాషకూడా చూడదగినది. మన పల్లెల్లో వడ్డీ లెక్క నెలకు నూటికి యింత అని. పావలా వడ్డీ అంటే సాలుకు 3 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే 24. ఉదాహరణకు 10,000 రూపాయల అప్పును వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టాలనుకోండి. మొత్తం 11,250. వడ్డీ పన్నెండున్నర శాతమే అంటాడు లోను సారు. వినేవారికది రూపాయి వడ్డీ. కాని మొదటి వారంనుంచీ అసలు తరుగుతూనే వుంటుంది గనుక ఏడాది పొడుగునా ఆమె చేతిలో సగటున వున్నది 5,000 చిల్లర మాత్రమే. నిజమైన వడ్డీ రెండు రూపాయలు. అంకెలలో అబద్ధం లేదు, చెప్పిన తీరులో వున్నది.

2006లోనే కృష్ణాజిల్లా అధికారులు యిటువంటి శాఖలను సుమారు 50 మూయించారు. ఎవరూ గుణపాఠం తీసుకోలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ సంస్థ షేరు 985 రూపాయలకు బజారుకెక్కింది. రెండు నెలలు గడిచేసరికి, ఆత్మహత్యల వార్తల మధ్య, అక్టోబరు 15న రాష్ట్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వడ్డీ అసలును మించరాదన్నారు. వసూలు బహిరంగస్థలంలోనే జరగాలన్నారు. మాలెగాం సంఘం 2011లో వడ్డీకి 24 శాతం హద్దు సూచించింది. 2022లో రిజర్వుబ్యాంకు వడ్డీ హద్దును తీసివేసి రేటు నిర్ణయాన్ని సంస్థలకే వదిలింది. 2023లో తెలంగాణా హైకోర్టు, రిజర్వుబ్యాంకు అదుపులోని సంస్థలకు ఆ రాష్ట్రచట్టం వర్తించదన్నది. షేరు ధరలూ కోర్టు తీర్పులూ వార్తలకెక్కినవి. ఆ పదమూడేళ్లలో ఒకే జట్టులోని యిద్దరు స్త్రీల మధ్య మాటలు మళ్లీ కలిసినవా లేదా అన్నది వార్త కాలేదు.

షావుకారే నయమనే ధోరణి ఒకటి యీమధ్య వినిపిస్తున్నది. అది పచ్చి అబద్ధం. 1951-52లో జరిగిన గ్రామీణ రుణ సర్వేలో రైతు అప్పులో నూటికి 70 వంతులు వడ్డీవ్యాపారులవి; సహకార సంఘాలవి 3 వంతులు, వాణిజ్య బ్యాంకులది ఒక వంతుకూడా లేదు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసిన తరువాతకూడా కౌలుదారు, వ్యవసాయకూలీ బ్యాంకు అరుగుమీదనే మిగిలారు. ఆ ఖాళీలోకే యీ సంస్థలు వచ్చినవి.

మనమూ ఒక తప్పు ఒప్పుకోవాలి. 2010లో వసూళ్లు ఆగినప్పుడు కొత్త అప్పులూ ఆగినవి. ప్రసవానికో, విత్తనాలకో డబ్బు కావలసినవారిలో చాలామంది మళ్లీ షావుకారు గుమ్మమే ఎక్కారు. మన పక్షంవారు కొందరు చట్టాన్ని ప్రజావిజయంగా చాటారేగాని ఆ గుమ్మం మాట ఎత్తలేదు. అదీ ఒక విజయగాథే. ఫొటో మాత్రమే లేదు.

వాయిదా రోజు ఉదయం ఒకామె సమావేశానికి రాదు. మిగిలినవారు ఆమె యింటికి నడుస్తారు. వారిలో ఒకతె నిన్న ఆమె దగ్గర శేరు బియ్యం బదులు తీసుకున్నదే. తలుపు తట్టి ఆమె ఏమంటుంది? నివేదిక వ్రాసేవారికి యీ ప్రశ్న పుట్టదు. మన కథకులకు పుట్టాలి.